విప్పని వాసెన

శోభనాచలం మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడగడానికి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, ముందు లాప్‌టాప్ మూసి పక్కన పెట్టాలి. ఆ తెర వెలుగుతున్నంతసేపూ మనిషి అంకెల చాటున దాక్కుంటాడని ఆయన నమ్మకం. జనపనార మిల్లులో ఆర్థిక విభాగానికి పెద్దగా పనిచేసి రిటైరైన మనిషి. బెజవాడ సత్యనారాయణపురంలో మేడమీది వరండాలో, ఆదివారం ఉదయాలు, ఉద్యోగాలు చేసుకునే కుర్రవాళ్ళకు పాఠం చెబుతారు. కంపెనీ విలువ ఎలా కట్టాలి, కొత్త ప్రాజెక్టు పెట్టిన పెట్టుబడికి తగునా తగదా ఎలా తేల్చాలి, రాబోయే సంవత్సరాల డబ్బు రాకపోకల్ని మోడల్‌లో ఎలా పేర్చాలి, ఇదీ ఆయన పాఠం. ఫీజు లేదు. వచ్చినవాళ్ళు ఆయన కలిపిన కాఫీ తాగాలి, ఆయన చెప్పిన కథ వినాలి. రెంటిలోనూ చక్కెర తక్కువేనని శిష్యులు చాటుగా చెప్పుకునేవారు.

పాఠంలో ఆయన పెద్ద మాటలు వాడేవారు కాదు. రేపు వచ్చే రూపాయి ఇవాళ చేతిలో ఉన్న రూపాయి కాదు, ఎంత దూరాన ఉంటే అంత తగ్గించి చూడు అనేవారు. నువ్వు ఊహించినది ఏదైనా ఉంటే మొదటి పేజీలోనే రాయి, నాలుగో పేజీలో దాచకు అనేవారు. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఇంకొకటుంది. అయిపోయిన ఖర్చు అయిపోయినట్టే. దాన్ని చూసి జాలిపడి కొత్త నిర్ణయం చేయవద్దు. ఈ మాట విని తలూపని శిష్యుడు లేడు. పాటించగలిగినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. తలూపడానికి ఏం ఖర్చు గనక!

ఆ శిష్యుల్లో పాతవాడు మురహరి. గుంటూరు దగ్గర మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక కంపెనీలో లెక్కలన్నీ అతని చేతి మీదే నడుస్తాయి. ఆ ఆదివారం అతను వచ్చేసరికి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళేదాకా అతను వీధి చివర టీకొట్టు దగ్గర నిలబడ్డాడన్న సంగతి మాస్టారికి తెలియదు. తెలిసినా ఆయన అడిగే రకం కాదు. లాప్‌టాప్ సంచి గోడకు ఆనించి, చాప మీద కూర్చుని, మురహరి దారి పొడుగునా వల్లించుకున్న ప్రశ్న అడిగాడు.

"ఒక కంపెనీకి రెండు యూనిట్లు ఉన్నాయనుకోండి మాస్టారూ. ఒకటి లాభం, ఒకటి నష్టం. యజమాని ఒక్కడే, డబ్బు పోయి పడేది ఒక్క సంచీలోనే. రెంటినీ కలిపేసి ఒకే మోడల్‌గా బ్యాంకుకు చూపిస్తే తప్పేముంది? మొత్తం మీద లాభమే కదా వచ్చేది."

తప్పని తానెప్పుడన్నానని మాస్టారు తిరిగి అడిగారు. మురహరి కంగారుగా, ఇది ఎవరో స్నేహితుడు అడిగిన ప్రశ్న అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని అతనికే అనిపించింది. మాస్టారు ఆ స్నేహితుడి పేరు అడగలేదు. కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు.

ఆయన లేని ఆ కాసేపూ మురహరి వరండా కటకటాల్లోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. స్నేహితుడూ లేడు, ఎవడూ లేడు. మిర్చి స్టోరేజీ బంగారంలా నడుస్తుంటే, తెనాలి పక్కన అరటిపళ్ళు మాగబెట్టే గదులు కట్టిద్దామని యజమానికి మూడేళ్ళ కిందట సలహా ఇచ్చింది అతనే. మోడల్ చేసింది అతనే. గదులు ఏడాది పొడుగునా నిండుగా ఉంటాయని మొదటి పేజీలో రాసిందీ అతనే. తెనాలి వ్యాపారులు తాతల నాటి నుంచి తమ కొట్టు వెనక గదుల్లోనే గెలలు మాగేసుకుంటున్నారని, అద్దె ఇచ్చి ఇంకొకరి గదిలో పెట్టరని, అడిగితే ఎవరైనా చెప్పేవారు. అతను అడగలేదు. గదులు సగం ఖాళీ. ఇప్పుడు యజమాని వచ్చి, ఇంకొన్ని గదులు కట్టి పెద్ద వ్యాపారులను రప్పిస్తే గట్టెక్కుతామా, నువ్వెలా చెబితే అలా చేద్దాం మురహరీ అన్నాడు. మూసేద్దామండీ, నేను పొరబడ్డాను అనాలి. అనలేకపోయాడు.

దానికి బదులు అతను రెండు యూనిట్ల పేజీలూ కలిపేశాడు. విడివిడి అంకెలు తీసేసి మొత్తాలు మాత్రం ఉంచాడు. మిర్చి లాభం అరటి నష్టాన్ని మింగేసింది. కొత్త గదుల కోసం అడిగే అప్పుకు మిర్చి స్టోరేజీని తాకట్టుగా చూపించాడు. శుక్రవారం సాయంత్రం ఆ మోడల్ బ్యాంకుకు పంపేశాడు. అక్కడ అప్పులు చూసే అధికారికి అతని మీద ఎంత గురి అంటే, మురహరి షీటు అయితే కూడికలు సరిచూడనక్కర్లేదని తోటివారితో అనేవాడట. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. తప్పు కాదని మాస్టారి నోటివెంట ఒక్క మాట వస్తే చాలు, నిద్ర పడుతుందని వచ్చాడు.

మాస్టారు రెండు గ్లాసులతో తిరిగి వచ్చి, ఎదురుగా కూర్చుని, నాంచారమ్మ అనే ఆవిడ గురించి ఎప్పుడైనా చెప్పానా అని అడిగారు. చెప్పలేదన్నాడు మురహరి. ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

నూజివీడు పోయే దారిలో, మామిడితోటల మధ్య, ఇద్దరు తోడికోడళ్ళు ఊరగాయల యూనిట్ పెట్టారు. పెద్దావిడ నాంచారమ్మ, చిన్నావిడ ఇందుమతి. పెద్దావిడది చెయ్యి, చిన్నావిడది లెక్క అని చుట్టుపక్కల అనేవారు గాని అది సగం నిజమే. ఇందుమతి కూడా ఆవకాయ కలిపేది, వంక పెట్టడానికి వీల్లేకుండా కలిపేది. ఖర్చులు వేయడం మాత్రం మాస్టారి దగ్గర, ఈ వరండాలోనే నేర్చుకుంది. ఎవరు కలిపిన జాడీలు వారివి. జాడీ మూతికి గుడ్డ చుట్టి బిగించి వాసెన కడతారు చూడండి, నాంచారమ్మ జాడీలకు అది పసుపు గుడ్డ, ఇందుమతి జాడీలకు తెల్ల గుడ్డ. హైదరాబాదులో ఒక టోకు వ్యాపారి ఆ జాడీలను వాసెన కట్టి ఉండగానే కొనేవాడు. గోడౌన్‌లో ఊరనిచ్చి, ఆషాఢంలో విప్పి, సీసాలకెత్తి అమ్ముకునేవాడు. ఇంకెవరి సరుకైనా వేలు ముంచి నాలిక మీద వేసుకుని గాని దించుకోని మనిషి, వీళ్ళ జాడీలు వస్తే లారీ దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు. దించమనేవాడు, అంతే.

ఒక ఏడు వైశాఖంలో, కాయ కోసి తెచ్చిన రోజున, పడమట మబ్బు కమ్మింది. ఇవాళ ముక్క కొట్టించవద్దక్కా, గాలి తిరిగింది అని ఇందుమతి అంది. తన కాయ తాను కొట్టించలేదు కూడా. నాంచారమ్మకు నవ్వొచ్చింది. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకోమంటావా అంది. తాను కాపురానికి వచ్చింది మొదలు తన చేతి ఆవకాయ చెడిన పాపాన పోలేదని, పక్కనున్న పనివాళ్ళందరూ వినేటట్టు చెప్పింది. ముక్కలు కొట్టించి, జీడి తీయించి, తుడిపించి, పట్టాల మీద ఆరబోసింది. మధ్యాహ్నం దాటాక వాన వచ్చింది. అందరూ పరుగెత్తి పట్టాలు లోపలికి లాగారు, పొడిగుడ్డలు పెట్టి మళ్ళీ తుడిచారు. ఇంకొక పూట నీడన ఆరనిస్తే ఏ గొడవా లేకపోయేది. కానీ కారం, ఆవపిండి, ఉప్పు అన్నీ కొలిచి పోసి ఉన్నాయి, పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళే వేళ అవుతోంది, పైగా ఇందుమతి చూస్తోంది. నాంచారమ్మ కలిపేసింది. ఆ విడత ఆవిడది ఒక్క జాడీ అయింది. వాన వెలిసి ఎండ కాశాక ఇందుమతి తన కాయ కొట్టించి, నింపాదిగా కలుపుకుంది.

ఆవకాయ కలిపిన మూడోనాడు జాడీ విప్పి, అడుగు నుంచి పైకి తిరగకలిపి, నూనె తేలిందో లేదో చూసి, చాలకపోతే పోస్తారు. ఆ తర్వాత మళ్ళీ కట్టిన వాసెన ఆషాఢం దాకా విప్పరు. ఆ మూడోనాడు ఉదయం ఇందుమతి నూనె బేరానికి ఊళ్ళోకి వెళ్ళింది. ఒక రోజు అటూ ఇటూ అయినా ఇద్దరి జాడీలూ తానే తిరగకలుపుతానని నాంచారమ్మ అంది. తన పసుపు గుడ్డ విప్పింది. నూనె మీద రెండు మూడు చోట్ల తెల్లటి చుక్కలు. గరిట పెట్టి కదిపితే పులిసిన వాసన.

పారబోయడమే దారి. అది ఆవిడకు తెలియనిది కాదు, అలాంటి జాడీని పారబోయమని ఎంతమంది ఆడపిల్లలకు చెప్పి ఉంటుందో. ఆవిడ వెనకాడింది ఒక జాడీ ఆవకాయ ఖరీదు చూసి కాదు. ఇందుమతి ఏమీ అనదు. అనకుండా ఒకసారి చూస్తుంది. ఆ చూపుకు జడిసి నాంచారమ్మ చుట్టూ చూసింది. ఎదురుగా తెల్ల గుడ్డల జాడీలు వరసగా ఉన్నాయి. విప్పి చూస్తే నూనె నిగనిగలాడుతోంది, ముక్క గట్టిగా ఉంది. ఆవిడ చుక్కలు తేర్చి తీసేసింది, తన ఆవకాయను గరిట గరిట చొప్పున అన్ని జాడీల్లోకీ పంచింది. తిలా పాపం తలా పిడికెడు అన్నారు, సరిగ్గా అదే లెక్క. పైన కాసింత ఉప్పు, ఇంకొంచెం నూనె. కలిపి వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. బాగుంది. నిజంగానే బాగుంది. ఆ పూటకు అది అబద్ధం కాదు.

ఇందుమతి తిరిగి వచ్చి, పసుపు జాడీ ఏదక్కా అని అడిగింది. అన్నీ అంచు దాకా నిండుగా ఉంటే చూడముచ్చటగా ఉంటాయని సర్దేశానంది నాంచారమ్మ. మంచి పని చేశావక్కా, లారీలో కుదుపుకు వెలితి జాడీలే పగులుతున్నాయి అంది ఇందుమతి. ఆ మాట అంటూ నవ్వింది కూడా. ఆ నవ్వు ఇప్పటికీ కంటికి కడుతుందని నాంచారమ్మ అంటుంది.

లారీ వెళ్ళింది. జాడీలు హైదరాబాదు గోడౌన్‌లో వాసెన కట్టి వరసగా కూర్చున్నాయి. ఇక్కడ నాంచారమ్మ చెబుదామనుకునేది. పొద్దున లేవగానే అనుకునేది, ఇందుమతి పిల్లకు జ్వరం తగ్గాక చెబుదామనుకునేది, ఏరువాక వెళ్ళాక చెబుదామనుకునేది. చెడకపోవచ్చు కదా, చెడనిదానికి ఎందుకు చెప్పుకోవడం అని కూడా అనుకునేది. మనిషికి చెప్పకుండా ఉండటానికి దొరికినన్ని కారణాలు చెప్పడానికి దొరకవు. ఆషాఢం వచ్చింది. వ్యాపారి జాడీలు విప్పాడు. మొదటిది విప్పి రెండోది విప్పాడు, రెండోది విప్పి అన్నీ విప్పాడు. ఫోనులో అతను కేకలు వేయలేదు. నేను మీ జాడీలకు ఎప్పుడూ వాసన చూడలేదమ్మా అన్నాడు. ఆ ఒక్క మాటే అని పెట్టేశాడు.

జాడీలు తిరిగొచ్చాయి. షెడ్డు వెనక గొయ్యి తవ్వించారు. ఇందుమతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తన చేతులతో కలిపిన ఆవకాయను తన చేతులతోనే వంచింది. తెల్ల గుడ్డల జాడీ ఒకటైనా మిగలలేదు. అప్పుడు, ఆ గొయ్యి పక్కన, నాంచారమ్మ నోరు విప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది గాని, మొత్తం చెప్పింది. వాన సంగతి, చుక్కల సంగతి, గరిట సంగతి. ఇందుమతి చేతిలోని ఖాళీ జాడీని బోర్లించి పెట్టింది.

"ఏటా ఒక జాడీ చెడుతుందని ముందే పక్కన వేసి ఉంచుతానక్కా, మాస్టారు నేర్పిన లెక్కే అది," అంది. "నీ జాడీ ఖర్చు నేను వేసవి రాకముందే రాసేసుకున్నాను. చెప్పి ఉంటే అదొక్కటే పారబోసేవాళ్ళం."

అంతకు మించి ఒక్క పరుషమైన మాట అనలేదు. వేరు పడదామనలేదు. మరుసటి వేసవి మళ్ళీ ఇద్దరూ కలిసే కాయ కొట్టించారు, చిన్న చిన్న కొట్లకు పోసుకుంటూ యూనిట్ కుంటుతూనైనా నడిచింది. ఒక్కటే మారింది. మూడోనాడు తిరగకలిపాక ఇందుమతి వచ్చి, పసుపు గుడ్డ జాడీలు విప్పి, వంగి, ఒక్కొక్కదానికీ వాసన చూసి వెళుతుంది. దొంగచాటుగా చూడదు, నాంచారమ్మ ఎదురుగానే చూస్తుంది. అక్కా అని పిలుస్తూనే చూస్తుంది. చూడవద్దని ఎలా అంటుంది నాంచారమ్మ? చూసేదాకా పక్కన నిలబడి ఉంటుంది.

కథ అక్కడికి వచ్చేసరికి మురహరి గ్లాసులో కాఫీ చల్లారి మీగడ కట్టింది. అతను తల ఎత్తలేదు. ఇదంతా మీకు ఇందుమతి చెప్పిందా అని మాత్రం అడిగాడు. కాదన్నారు మాస్టారు. ఇందుమతి ఇవాళ్టి వరకు ఎవరితోనూ అనలేదట. మొన్న వేసవిలో నాంచారమ్మే వచ్చి, మురహరి కూర్చున్న ఆ చాప మీదే కూర్చుని చెప్పుకుందట. కలిపినందుకు బాధపడుతున్నావా అమ్మా అని మాస్టారు అడిగితే, ఆవిడ తల అడ్డంగా ఊపిందట.

"కలపడం ఒక్క పూట బుద్ధి తక్కువ, మాస్టారూ. ఆ తర్వాత నెల పైన ఆ జాడీలు వాసెన కట్టే ఉన్నాయి. ఫోను నా గదిలోనే ఉంది."

మురహరికి యజమాని గుర్తొచ్చాడు. నువ్వెలా చెబితే అలా చేద్దాం అన్న మనిషి. మిర్చి స్టోరేజీ ముందు, సీజనులో, టిక్కీ బస్తాలు దించుకుంటూ బారులు తీరే ట్రాక్టర్లు గుర్తొచ్చాయి. ఆ స్టోరేజీ ఏ పాపమూ ఎరగదు, దాన్ని తాకట్టు కాగితంలోకి ఎక్కించింది తాను. పొరబడ్డానని మొదటి ఏడాదే చెప్పి ఉంటే ఆయన ఏమనేవాడో ఇప్పుడు తెలిసే దారి లేదు. బహుశా ఏమీ అనేవాడు కాదు. బహుశా ఇందుమతిలాగే ముందే ఎక్కడో రాసేసుకుని ఉండేవాడు. ఆ ఆలోచనకు అతని కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అతను చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, లేచి, గోడకు ఆనించిన సంచి భుజాన వేసుకున్నాడు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఆ స్నేహితుడు ఎవరో కాదని చెబుదామని నోరు తెరిచాడు. ఇంకా అతను మొదలుపెట్టనే లేదు, మాస్టారు ఖాళీ గ్లాసులు తీస్తూ, అతని వైపు చూడకుండానే అన్నారు.

"నిన్న రెండో శనివారం, ఇవాళ ఆదివారం. బ్యాంకువాళ్ళు ఇంకా వాసెన విప్పి ఉండరు మురహరీ."